చిలక తోకకి ఎరుపు

"మీ ఆయనకి జబ్బూ లేదు, గిబ్బూ లేదు. జ్ఞాపకం నిక్షేపంలా ఉంది" అన్నారు డాక్టర్ అనసూయగారు, కాగితాలు బల్లమీద పెడుతూ.

దుర్గకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. బందరు ఆస్పత్రి గదిలో బాగుండదని కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

మోహనకృష్ణ మాత్రం నమ్మలేదు. "మా నాయనమ్మకీ ఈ మతిమరుపేనండీ, నాన్నకీ ఇదే. మరి ఆ చిలకల సంగతి?"

పెడనలో కలంకారీ గుడ్డలకి అచ్చులు వెయ్యడంలో అతనికి సాటి లేరని పేరు. అలాంటివాడు మూడు వారాల క్రితం ఒక చిలకల గుడ్డంతా పటికనీళ్ళ అచ్చు తలకిందులుగా వేశాడు. పటిక వేసినప్పుడు కంటికి ఆనదు. రంగునీళ్ళలో ఉడకేస్తేనే ఎరుపు తేలుతుంది. తీరా ఉడకేసి తీస్తే ముక్కుకి రావలసిన ఎరుపు తోకకి వచ్చింది. ఒక చిలకకి కాదు, అన్నిటికీ!

"అచ్చు వేస్తుంటే ఏం జరిగింది?" అన్నారు డాక్టరుగారు.

"క్యారేజీ వచ్చిందండీ."

"ఎవరు తెచ్చారు?"

అతను దుర్గ వైపు చూసి తల దించుకున్నాడు. "వానలో తడిసి వచ్చిందండీ."

"క్యారేజీయా?"

అతని చెవులు చిలక ముక్కుల్లా ఎర్రబడ్డాయి. డాక్టరుగారు కళ్ళజోడు తీసి నవ్వారు. "మర్చిపోవడం వేరు నాయనా, అసలు చూడకపోవడం వేరు."

తర్వాత నెమ్మదిగా చెప్పారు. "ఈ జబ్బు మీ వంశంలో ఉంది కాబట్టి నీకు అవకాశం కాస్త ఎక్కువే. అబద్ధం చెప్పను. కానీ వచ్చి తీరుతుందని ఎక్కడా రాసి లేదు."

"పటిక అచ్చులాగా అన్నమాట. పడినా, ఉడకేస్తేగానీ ఎరుపు తేలదు."

"అలాగే అనుకో. మంట తగ్గించడం కొంత నీ చేతిలో ఉంది. రోజూ నడిచేవాళ్ళకి జ్ఞాపకం ఎక్కువకాలం నిలుస్తోందంటున్నారు."

"రోజంతా బల్ల దగ్గర నిలబడే ఉంటానండీ!"

"నిలబడితే నడక కాదు."

బస్టాండులో శ్రావణమాసపు జల్లు మొదలైంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. పెళ్ళయి మూడు నెలలే, అయినా ఇంత దగ్గరగా నిలబడి మూడు వారాలైంది.

"అందుకా క్యారేజీ తేవద్దన్నారు? గుడివాడలో పుట్టింట్లో ఉండి బీఈడీ చదువుకోమన్నారు?" అంది దుర్గ. "నేను నచ్చలేదేమోనని రోజూ దిండు తడిపాను తెలుసా?"

"నచ్చకపోవడమా! నాన్న నిన్ను రోజుకో పేరు పెట్టి పిలుస్తున్నాడు కదా. ఏదో ఒకరోజు నేనూ అలాగే పిలుస్తానని భయం వేసింది. ఆ బాధ నీకెందుకని..."

"పిలవండి. మావయ్యగారు ఏ పేరుతో పిలిచినా పలకడం లేదూ? మీకూ పలుకుతాను."

అతను గొడుగు మొత్తం ఆమె వైపు వంచేశాడు. అతని భుజం తడిసి ముద్దయింది. ఆమె చూసి కూడా చెప్పలేదు, బాగుందనిపించి.

ఇల్లు చేరేసరికి మావగారు కోటయ్య అరుగు మీద కూర్చున్నాడు. కోడల్ని చూసి, "ఎవరూ, రత్నమా?" అన్నాడు.

"ఆఁ, నేనే మావయ్యగారూ" అంది దుర్గ, మొగుడి వైపు ఓరగా చూస్తూ. "రేపు పొద్దున్నే అయిదింటికి మనం ముగ్గురం కాలవగట్టు మీద నడవబోతున్నాం."

"గుడ్డలు ఉతకడానికా?"

"కాదు, ఊరికే."

"ఊరికే నడవడమేంటే, చోద్యం!"

"చోద్యమే మరి" అంది దుర్గ. తర్వాత మోహనకృష్ణ వైపు తిరిగింది. "మధ్యాహ్నం క్యారేజీ కూడా నేనే తెస్తున్నాను, నడిచే వస్తాను. అచ్చు తిన్నగా పట్టుకోండి. వాన పడినా సరే, గొడుగు మాత్రం తేను."