ఎదుటి కిటికీలోంచి

"నన్నెవరో చూస్తున్నారు సార్. చూస్తూ, చూసిందంతా రాస్తున్నారు," అంది ఆవిడ. చేతిసంచీలోంచి మూడు కవర్లు తీసి డిటెక్టివ్ బల్ల మీద పెట్టింది.

ఆవిడ పేరున్న రచయిత్రి. వారపత్రికలో ఆవిడ సీరియల్ చివరి భాగం కోసం పాఠకులు కాచుక్కూర్చున్నారు. శుక్రవారంలోగా అందకపోతే వేరేవాళ్లతో పూర్తి చేయిస్తానని ఎడిటర్ కబురు పెట్టాడు. పది రోజులుగా ఆవిడ ఒక్క వాక్యం రాయలేదు. ఇంట్లో కిటికీ ముందున్న రాతబల్ల దగ్గర కూర్చోవాలంటేనే భయం.

డిటెక్టివ్ అసిస్టెంటు మూడో కవరు విప్పి పైకి చదివాడు. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి, దస్తూరీ పట్టుకునే వీల్లేదు.

"ఎదుటి కిటికీలోంచి చూస్తున్నాను. ముడిలోంచి జారిన వెంట్రుకలు ఆమె మెడ మీద కదులుతున్నాయి. పక్క బల్ల దగ్గర భర్త ప్రూఫులు దిద్దుతూ కనుబొమలు ముడివేశాడు. గడప మీద పిల్లి మూతి నాక్కుంటోంది. రెండు చేతులు కాఫీ కప్పు తెచ్చి పెట్టాయి, చెల్లెలివి, బొటనవేలికి సిరా మరక. ఆమె తల తిప్పలేదు. ఈ సీరియల్ చివరి భాగం ఆమె రాయదు."

అసిస్టెంటు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. గోడ తప్ప ఏమీ లేదు.

"నీకెందుకయ్యా భయం?" డిటెక్టివ్ నవ్వాడు.

"ఎవడు చూస్తున్నాడో చెప్పడు కదా సార్!"

"కిటుకంతా అదే. అన్నీ తెలిసినవాడు కథ చెబితే కాళ్లు బారజాపుకుని వింటాం. తలుపు సందులోంచి ఒంటికన్నుతో చూసేవాడు చెబితే, ఆ సందులో కనిపించనిదేమిటా అని ప్రాణం కొట్టుకుంటుంది."

ఈ కథ కూడా అసిస్టెంటు వెంటే నడుస్తోందని పాఠకులు గమనించే ఉంటారు. డిటెక్టివ్ బుర్రలోకి దూరితే ఇంకో రెండు పేరాల్లో అందరం ఇళ్లకు పోవచ్చు.

రచయిత్రి ఇంటికి ఎదురు మేడ మీద దర్జీ దుకాణం. కిటికీ పక్కనే కుట్టు మిషను. అసిస్టెంటుకి ప్రాణం లేచొచ్చింది. దర్జీ మాత్రం టేపు మెడలో వేసుకుని తాపీగా జవాబిచ్చాడు.

"ఆవిడా? పొద్దస్తమానం పెన్ను నోట్లో పెట్టుకుని నా వైపే చూస్తుంది సార్. మొదట్లో మా ఆవిడకి అనుమానం కూడా వచ్చింది. కథలు రాస్తుందని చెబితే అప్పుడు ఊరుకుంది."

డిటెక్టివ్ ఆ కిటికీలోంచి ఒక్క నిమిషం చూసి కిందికి దిగాడు. తర్వాత రచయిత్రి ఇంట్లో ఆమె భర్తని కూర్చోబెట్టి సూటిగా అడిగాడు.

"మీ ఆవిడ పేరు చూస్తే కుళ్లుగా ఉందా?"

"ఉంది సార్, దాచడమెందుకు? తనకి రాయడం నేర్పింది నేను. నా కథలేమో పోస్టు చేసినంత వేగంగా తిరిగొచ్చేవి. ఇప్పుడు ఊళ్లోవాళ్ల అచ్చుతప్పులు దిద్దుకుంటున్నా."

అసిస్టెంటు తన నోట్‌బుక్కులో ఆ మాట కింద రెండు గీతలు గీశాడు. చెల్లెలు వంటింటి గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"నాదేముంది సార్? అక్క కొట్టివేతలతో రాసింది పత్రిక కోసం శుభ్రంగా తిరగరాసి సాఫు చేస్తాను, కాఫీ పెడతాను. అనుమానాలూ అవీ అక్క చూసుకుంటుంది."

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ, దర్జీతో సహా, ముందుగదిలో కూర్చోబెట్టాడు.

"దర్జీ కిటికీలోంచి ఈవిడ ముఖం కనిపిస్తుంది. ఉత్తరాల్లో ఉన్నది మెడ. కాబట్టి చూసిన కన్ను ఇంట్లోదే, ఈవిడ వెనక తిరిగేదే."

అసిస్టెంటు భర్త వైపు విజయగర్వంతో చూశాడు.

"తొందరపడకు. ఈయన కనుబొమలు ముడివేశారని ఉత్తరం చెబుతోంది. తన కనుబొమలు ఎవరికి కనిపిస్తాయి? మూడు ఉత్తరాల్లోనూ ఈయనకి ముఖముంది, పిల్లికి కూడా. ఒక్క మనిషివి మాత్రం చేతులే వస్తాయి, కాఫీ పెడతాయి, పోతాయి. ఎవరికైనా తమవి కనిపించేవి చేతులే. కిటికీ అని అబద్ధం రాయగలిగావమ్మా. కళ్లు మాత్రం నీవే వాడావు."

చెల్లెలు కొంగుతో బొటనవేలు తుడుచుకుంది. మరక పోలేదు.

"నువ్వా?" రచయిత్రి ఆమె వైపు తిరిగింది.

"నేనే అక్కా. సాఫు చేస్తూ నీ కథల ముగింపులు మార్చాను. మొదటిసారి తిడతావని రాత్రంతా నిద్రపోలేదు. నువ్వు చదివావు, ఏమీ అనలేదు, పత్రికకి పంపేశావు. ఆ తర్వాత అన్నీ అంతే. ముగింపు అద్భుతం అని ఉత్తరాలొస్తే నీకు చదివి వినిపించిందీ నేనే. కడుపు మండిపోయేది. ఒక్కసారి నువ్వు రాయలేకపోతే, ఇది పూర్తి చేయగలిగేది ఎవరో నీకే గుర్తొస్తుందనుకున్నా."

"ఎడిటర్ నీ పేరడుగుతాడనుకున్నావా?"

"ఎడిటర్ కాదు. నువ్వు."

దర్జీ టేపుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. రచయిత్రి మూడో ఉత్తరం తీసి మళ్లీ మొదటి నుంచి చదివింది. 'రెండు చేతులు' అన్న మాట దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివింది.

"ఇంత భయం నేనెప్పుడూ రాయలేదే," అంది చివరికి. లేచి, కిటికీ ముందున్న కుర్చీ వెనక్కి లాగింది. "కూర్చో. శుక్రవారం ఎల్లుండే."

చెల్లెలు కూర్చోలేదు. "పేరు?"

రచయిత్రి కిటికీ వైపు తిరిగింది.

"నీదే."

కిటికీ నుంచి ఇటు తిరిగిన రచయిత్రి ముఖంలో భయం పూర్తిగా పోవడం అసిస్టెంటు చూశాడు. దాని స్థానంలో ఉన్నదేమిటో కూడా పోల్చుకున్నాడు, పొద్దుటి నుంచి ఆ ఇంట్లో అందరి ముఖాల్లోనూ వెతికిన కుళ్లు అదే గనక. ఆవిడ వంటింట్లోకి వెళ్లి కాఫీకి నీళ్లు పెట్టింది.