వాన వెలిశాక నీటికుక్కలు

నిప్పు లేనిదే పొగ రాదని లోకం అంటుంది గాని, వాచూకా కొండల్లో వానాకాలం వస్తే ఆ సామెత చెల్లదు. జూలైలో మధ్యాహ్నం దాటగానే మబ్బులు కమ్ముతాయి. ఉరిమి, కుండపోతగా కురిసి, ఎవరో తలుపు వేసినట్టు వాన ఠక్కున ఆగిపోతుంది. ఆ తర్వాత తడిసిన లోయల్లోంచి తెల్లని తెరలు లేస్తాయి. వాటిని చూసి కొండ అంటుకుందని గాబరాపడినవాళ్లలో ఆర్లో విట్‌కాంబ్ ఒకడు.

ఆర్లో ఆ కొండల కింద సియెర్రా విస్టా అనే పట్నంలో పాఠాలు చెబుతాడు. సైన్యం నుంచి బయటికి వచ్చినవారు అక్కడ నేర్చిన విద్యను ఊళ్లో ఉద్యోగాలిచ్చేవారికి అర్థమయ్యే మాటల్లో ఎలా చెప్పుకోవాలన్నదే ఆ పాఠం. ట్యాంకు నడిపినవాణ్ణి క్రేను ఎక్కించిన ఘనత అతనిది. దండులో వంట చేసినవాణ్ణి బడి వంటశాలకు పెద్దను చేసిన పేరూ ఉంది. సైన్యం వదిలి కొత్తగా చేరిన మారిసెల్ ఒబ్రెగాన్ దగ్గర మాత్రం అతని విద్య మొదటి వారంలోనే తడబడింది.

"మీరు చేసిన పని, మీ అమ్మమ్మకి చెప్తున్నట్టు చెప్పండి," అన్నాడు ఆర్లో.

మారిసెల్ లేచి నిలబడింది. "పైన డ్రోన్ ఎగురుతుంటుంది. కింద జనం ఏం చేస్తున్నారో నేను తెర మీద చూస్తుంటాను. వాళ్లకి తెలీకుండా."

తరగతి గది గొల్లున నవ్వింది.

"ఇంటర్వ్యూలో ఈ మాటన్నారంటే కుర్చీ వెయ్యరు సరికదా, కిటికీలకి పరదాలు కూడా వేసుకుంటారండీ!" అన్నాడు ఆర్లో.

నవ్వు ఇంకా పెరిగింది. మారిసెల్‌కు ఒళ్లు మండింది.

"అయితే ఇంకోలా చెప్తాను, వినండి. ఒక పురుషుడు. ముప్పై దాటిన వయసు. రోజూ అందరికంటే ముందొచ్చి, ట్రక్కు దిగకుండా అద్దంలో చూసుకుంటూ మాట్లాడతాడు. మధ్యాహ్నం బురీటో రొట్టెచుట్ట సగం తిని, మిగతా సగం గోడమీది కాకికి పెడతాడు. శుక్రవారం మాత్రం పెట్టడు."

"శుక్రవారం చేపల టాకో రొట్టె కదా," అని వెనక బల్ల నుంచి ఎవరో అందించారు. "అది కాకికేం దక్కుద్ది!"

ఆర్లో చెవులు మిరపపండ్లయ్యాయి. "నన్ను... గమనిస్తున్నారా?"

"కావాలని కాదు. కిటికీ పక్కన కూర్చున్నాను. చూడకుండా ఉండటం మాకు నేర్పలేదు," అని మారిసెల్ కూర్చుంది. కూర్చున్నాక గాని తన చెవులూ వేడెక్కాయని ఆమెకు తెలియలేదు.

ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి, సముద్రాల అవతల ఏదో ఎడారిలో కాంట్రాక్టు కొలువు: అదే తెర, అదే చూపు. అది సిద్ధంగా ఉంది, వారాంతానికి ఔనో కాదో చెబితే చాలు. రెండోది ఆ జిల్లాను చూసే కౌంటీ వారి అగ్ని నిఘా కేంద్రం. కొండ శిఖరాల మీది కెమెరాల్లోంచి అడవిని కనిపెట్టుకుని ఉండాలి. ఆమె మనసంతా దాని మీదే ఉంది. అది దొరికితే తనను పెంచిన అమ్మమ్మ దగ్గరే ఉండవచ్చు. ఈమధ్య ఇంకో కారణం కూడా చేరింది గాని, దాన్ని ఆమె ఇంకా తేల్చలేదు.

తేల్చడమే ఆమెకు రానిది. ఇంటర్వ్యూ సాధనకని ఆర్లో ఒక బొమ్మ చూపించాడు.

"ఇదేంటి?"

"బూడిదరంగులో ఉంది. పైకి లేస్తోంది."

"అంటే పొగా?"

"అయి ఉండవచ్చు."

"ఉండవచ్చంటే ఫైరింజన్ బయల్దేరదండీ మారిసెల్ గారూ!"

"చూసింది చెప్పడం వరకే నా పని. అది ఫలానా అని తేల్చడానికి పైన వేరేవాళ్లుండేవారు." ఆమె బల్ల అంచును గోటితో గీరింది. "వాళ్లు తేల్చాక ఏం జరిగేదో కూడా తెర మీద నేనే చూసేదాన్ని. అందుకే ఆ మాట నా నోటికి రాదు."

ఆర్లో ఈసారి హాస్యమాడలేదు. తన పొట్లం విప్పి సగం బురీటో ఆమె వైపు జరిపాడు.

"కాకికి అన్యాయం కదా," అంది మారిసెల్.

"కాకికి నచ్చజెప్తాను లెండి."

ఆ సాయంత్రం వాన పట్టుకుంటే, అతనే ట్రక్కులో ఆమెను ఇంటికి బయల్దేరదీశాడు. ఊరి చివరకు వచ్చేసరికి వాన వెలిసింది. ఆర్లో ఉన్నట్టుండి బ్రేకు వేశాడు.

"అదిగో, కొండ మీద! ఏం కనిపిస్తోంది మీకు?"

"తెల్లగా ఉంది. లేస్తోంది. మొదలు లోయ వెంట జారుతోంది."

"పొగే!" అని అతను అప్పటికే నిఘా కేంద్రానికి ఫోన్ కలిపాడు.

వాళ్లు ఇల్లు చేరి వాకిట్లో గంటకు పైగా మాట్లాడుకున్నాక నిఘా కేంద్రం నుంచి తిరిగి ఫోన్ వచ్చింది. అవతల ఒక పెద్దావిడ గొంతు, స్పీకరు అక్కర్లేకుండానే వినిపించింది.

"ఏం నాయనా, మావాళ్లు మోకాళ్లలోతు బురదలో దిగొచ్చారు. అది ఆవిరయ్యా! నీటికుక్కలంటాం మేం. వాన వెలిశాక కొండెక్కి పరిగెడతాయి. కరవవు!"

ఫోన్ పెట్టేసి ఆర్లో ఆమె వైపు తిరిగాడు. "పొగ కాదని మీకు తెలుసా?"

"అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"కనిపించింది అడిగారు, చెప్పాను. అనుకున్నది మీరడగలేదు."

"అడిగితే తప్ప చెప్పరా?" అని అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఏ సంగతైనా అంతేనా?"

ఇంతలో చినుకులు మళ్లీ మొదలయ్యాయి. అతను తన కోటు ఆమె తలమీద పట్టి గుమ్మం దాకా దింపి, తాను ముద్దగా తడిసి వెళ్లిపోయాడు.

లోపల అమ్మమ్మ కాండెలారియా కిటికీ పక్కనే చిక్కుడు గింజలు ఏరుతోంది.

"ఎవరే ఆ కుర్రాడు?"

"పాఠాలు చెప్పే ఆయన."

"పాఠం అయిపోయినట్టు లేదే. కోటంతా నీ మీదే ఉంది, వానంతా ఆయన మీదే ఉంది."

"అమ్మమ్మా, చూసినంత మాత్రాన తేల్చెయ్యకూడదు."

"అలాగనుకుంటే మీ తాతని నేను చేసుకునేదాన్నే కాదు. ఆయన నోరు విప్పే రకమా? నేనే తేల్చాను. చూడటం అంత బాగా నేర్పారే, చూసినదాన్ని నమ్మడం నేర్పలేదా ఆ మిలిటరీ వాళ్లు?"

మర్నాడు మారిసెల్ అతన్ని తిన్నగానే అడిగింది. "ఎడారికి వెళ్లమంటారా? ఉండమంటారా?"

ఆర్లో సుద్దముక్కను పెట్టెలో పెట్టాడు. "మేం సలహాలిచ్చే వాళ్లం. విద్యార్థిని ఎటూ లాగకూడదండీ. అది మా నియమం."

"మంచి నియమం," అంది ఆమె. ఆ రోజు మిగిలిన సగం బురీటో కాకికే దక్కింది.

ఇంటర్వ్యూ చేసింది ఫోన్లో వినిపించిన పెద్దావిడే. ఆమె పేరు లోరెట్టా పీబాడీ. నిఘా కేంద్రానికి అధికారిణి.

"మావాళ్లని బురదలో దింపింది మీ మేష్టారేనటగా?"

"ఔనండీ. నేనూ పక్కనే ఉన్నాను."

"ఉండి?"

"ఆవిరని అనుకున్నాను. అనలేదు."

లోరెట్టా కళ్లజోడు మీదుగా ఆమెను పరకాయించి చూసి, తెర తన వైపు నుంచి ఆమె వైపు తిప్పింది. అది బొమ్మ కాదు. శిఖరం మీది కెమెరా ఆ క్షణాన చూస్తున్న కొండ. ఉరుముల వాన అప్పుడే దాటిపోయింది. రెండు తెల్లని చారలు లేస్తున్నాయి.

"చెప్పమ్మా."

"ఎడమదాని మొదలు జారుతోంది, తెగుతోంది, మళ్లీ కలుస్తోంది. కుడిదాని కొస గాలికి ఒరుగుతోంది గాని మొదలు కదలడం లేదు. కింద ఎండు చెట్టుంది."

"అయితే?"

మారిసెల్ తెరకు దగ్గరగా జరిగింది. పైన ఎవరూ లేరు. ఈ మాట తర్వాత ఏం జరిగినా అది తన మాట వల్లే జరుగుతుంది. కాకపోతే ఇక్కడ మాట చెప్తే నీళ్లు బయల్దేరతాయి, చెప్పకపోతేనే కాలుతుంది.

"ఎడమది ఆవిరి. కుడిది పొగ."

"అయి ఉండవచ్చా?"

"కాదండీ. పొగే. మనుషుల్ని పంపండి."

పంపారు. గంట తిరక్కముందే రేడియోలో కబురొచ్చింది: పిడుగు పడిన జూనిపర్ చెట్టు, మంట అదుపులో ఉంది. లోరెట్టా రేడియో కట్టేసి, "సోమవారం నుంచి వచ్చెయ్. మీ మేష్టారికి మాత్రం కొండలకేసి చూడొద్దని చెప్పు," అంది.

బయట సన్నని తుంపర. ఆవరణ చివర తెలిసిన ట్రక్కు నిలిచి ఉంది. మారిసెల్ వెళ్లి అద్దం మీద తట్టింది. ఆర్లో ఉలిక్కిపడి అద్దం దించాడు.

"రిపోర్టు," అంది ఆమె వాన కారుతున్న ముఖంతో. "ఒక పురుషుడు. ఇవాళ పాఠం లేదు, అయినా చొక్కాకి ఇస్త్రీ ఉంది. అద్దంతో మాట్లాడుతున్నాడు. పక్కసీట్లో బురీటోలు రెండున్నాయి, సగం కాదు, నిండువి."

"చూసింది చెప్పారు. ఏమనుకున్నారో చెప్పలేదు."

"నన్ను ఉండిపొమ్మని అడగడానికి సాధన చేస్తున్నాడు."

"అయి... ఉండవచ్చు," అన్నాడు ఆర్లో, బితుకుబితుకుమంటూ.

"ఉండవచ్చంటే ఫైరింజన్ బయల్దేరదు, ఆర్లో! నాకు ఉద్యోగం వచ్చింది. ఇక నీ విద్యార్థిని కాను, నీ నియమం నీ దగ్గరే ఉంచుకో. నువ్వు నన్ను ప్రేమిస్తున్నావు. నేనూ నిన్ను ప్రేమిస్తున్నాను. రెండూ నేనే తేల్చాను."

అతను తలుపు తీసుకుని వానలోకి దిగాడు. ఈసారి కోటు తేవడం మరిచిపోయాడు.

"మారిసెల్, అద్దానికి నేను చాలా పెద్ద ఉపన్యాసం చెప్పుకున్నాను. అందులో ఇంత బాగా ఒక్క ముక్కా లేదు. ఉండిపో. అంతే."

ఇద్దరూ ముద్దగా తడిసి గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి కాండెలారియా కుండెడు చిక్కుడు గింజల పులుసు దించి పొయ్యి ఆర్పుతోంది. ఆమె తల తిప్పలేదు.

"అమ్మమ్మా, ఈయన..."

"తెలుసులే. ఏం అబ్బాయ్, కారం తింటావా?"

"తింటానండీ."

"అయితే మనవాడివే. చేతులు కడుక్కురండి," అంది ముసలమ్మ. "మూడో పళ్లెం మొన్నటి నుంచీ బల్ల మీదే ఉంది."