తల లేని బాతులు

పాత వంతెన మీద నుంచి నీళ్ళు పారిన వరద ఏడు జరిగింది ఇది. అంతకు ముందు ఎన్ని వరదలొచ్చినా నీళ్ళు వంతెన కిందే పోయాయి. అందుకని ఆ ఏడంటే అందరికీ గుర్తే.

అతను డబ్బాలు చేసి అమ్మేవాడు. ఏం డబ్బాలో చెప్పాలి. ముప్పై నలభై ఏళ్ళ కిందట ఇళ్ళలో టీవీకి తగిలించుకునే కంప్యూటర్లు ఉండేవి. కీబోర్డూ కంప్యూటరూ ఒకటే ముక్క. పక్కన ఇటుకంత డిస్క్ డ్రైవు, అందులో పెట్టడానికి ఫ్లాపీలు. కంప్యూటర్లు మొండి ఘటాలు, కొన్ని ఇంకా బతికే ఉన్నాయి. డ్రైవులు మాత్రం ఒక్కొక్కటే కన్ను మూశాయి. ఇతని డబ్బా ఆ డ్రైవు వేషం వేస్తుంది. లోపల గోరంత మెమరీ కార్డు, దాని మీద వెయ్యి ఫ్లాపీల సరుకు. కంప్యూటరుకి తేడా తెలీదు. పాత డ్రైవే పలుకుతోందనుకుని తన పని తాను చేసుకుపోతుంది.

లోపలి సర్క్యూట్ బోర్డు తనే గీసేవాడు, సోల్డరింగూ తనదే. పైపెట్టె మాత్రం బజార్లో దొరికే ప్లాస్టిక్ సోపు డబ్బా. కొలత అతికినట్టు సరిపోయింది, ఇంకేం కావాలి. పక్క గదిలో వాళ్ళమ్మ డబ్బాలు పార్సెల్ కట్టి అడ్రసులు అతికించేది. ప్రతి డబ్బాలో ఒక చీటీ. "చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా చేయదు. పని చేయకపోతే నేనే స్వయంగా వస్తాను."

నాలుగేళ్ళలో మూడు వందల డబ్బాలు వెళ్ళాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ ధైర్యంతోనే అలా రాసేవాడు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఒక డబ్బా తిరిగొచ్చింది. పోస్టులో కాదు, ఒకమ్మాయి చేతిలో. గొడుగు మూయకుండానే లోపలికొచ్చి, గొడుగు మీది నీళ్ళన్నీ అతని బల్ల మీద దులిపింది.

"సోపు డబ్బా మీరేనా?" అంది.

"నేను మనిషిని. డబ్బా అది," అన్నాడు.

"డబ్బా పని చేయట్లేదు. మనిషి సంగతి నాకు తెలీదు."

ఆ అమ్మాయికి తల్లీ తండ్రీ లేరు, పెద్దమ్మే పెంచింది. పెద్దమ్మకి స్వెట్టర్లు అల్లే మిషనుంది. ఆ మిషనుకి పువ్వులూ పిట్టలూ ఎలా వేయాలో చెప్పేది ఒక పాత కంప్యూటరు. కంప్యూటరు బల్ల మీద ఉండి వరదకి దొరకలేదు. కింద అరలో ఉన్న డ్రైవు దొరికింది. ఫ్లాపీలు అటక మీద ఉండి బతికాయి. వాటిని పోస్టులో పంపితే అతనే కార్డు మీదికి ఎక్కించి, డబ్బాతో సహా తిరిగి పంపాడు.

అతను తన దగ్గరున్న పాత కంప్యూటరుకి డబ్బా తగిలించి, ఆమె ఎదురుగానే పది డిజైన్లు తెరిచి చూపించాడు. పదీ చక్కగా వచ్చాయి. వైరు వదులై ఉంటుందని ఒక కొత్త వైరిచ్చి పంపాడు. ఆమె వెళ్ళాక బల్ల తుడుస్తూ కిటికీలోంచి చూశాడు. గొడుగు వీధి చివర మలుపు తిరిగేదాకా తుడుస్తూనే ఉన్నాడు. బల్లకి అంత తుడుపు ఎన్నడూ లేదు.

రెండు రోజులకి మళ్ళీ వచ్చింది. సంచిలోంచి చిన్న అల్లిక ముక్క తీసి బల్ల మీద పరిచింది. నీలం ఊలు మీద పసుపు బాతులు, వరసగా నాలుగు. ఒళ్ళుంది, తోకుంది, కాళ్ళున్నాయి. మెడ సగంలో ఆగింది. తల లేదు.

"మా పెద్దమ్మ అల్లితే ఇలా వస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం ఆవిడ పడుకున్నప్పుడు నేను అల్లాను, తలలొచ్చాయి. మళ్ళీ ఆవిడ కూచుంటే పోయాయి. మీ డబ్బాకి మనిషిని బట్టి బుద్ధి మారుతుందా?"

"డబ్బాకి మనుషులతో పనేంటండీ. ఎవరు అడిగినా ఒకటే ఇస్తుంది."

"మరి ఈ తలలు ఎవరు తిన్నట్టు?"

అతను ఆ ముక్కని తిరగేసి మళ్ళీ చూశాడు.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. చిన్నపిల్లల స్కూలొకటి నలభై స్వెట్టర్లు అడిగింది, గుండె మీద బాతు ఉండాలి. శనివారం సాయంత్రం టీచరమ్మ వచ్చి నమూనా చూస్తుంది. బాగుంటే ఆర్డరు ఖాయం, లేకపోతే వేరే చోటికి పోతుంది. పోతే మిషను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానని పెద్దమ్మ తేల్చి చెప్పేసింది. అప్పుడు ఈ అమ్మాయి వేరే ఊళ్ళో నూలు మిల్లుకి పోవాలి. ఉత్తరం వచ్చేసింది, సోమవారం చేరమన్నారు.

సోమవారం అన్న మాటని అతను రెండోసారి అడిగి మరీ విన్నాడు.

ఆమె సంచి సర్దుకుని లేచి, అతని చీటీని బల్ల మీద పెట్టింది. "నేనే స్వయంగా వస్తానని రాశారు. రండి."

మర్నాడు అతను బయల్దేరుతుంటే వాళ్ళమ్మ అడ్రసులు అతికించడం ఆపి పైనుంచి కింది దాకా చూసింది. "మూడు వందల డబ్బాలు అమ్మినప్పుడు దువ్వని తల, ఒక డబ్బా తిరిగొస్తే దువ్వావు," అంది. అతను విననట్టే చెప్పులేసుకున్నాడు.

పెద్దమ్మగారి వర్క్‌షాపు రెండు గదులు. గోడ మీద మోకాలెత్తున వరద గీత, ఎంత కడిగినా పోనిది. గీతకి పైన మేకులకి ఊలు చుట్టలు. మధ్యలో మనిషి పొడవున అల్లిక మిషను. కంప్యూటరూ, దాని టీవీ గోడవారగా ఉన్నాయి. మిషను మీద కూచుంటే టీవీ వీపు వెనక ఉంటుంది. ప్లగ్గు అక్కడే ఉంది మరి.

ముందు అమ్మాయి అల్లింది. బాతులన్నీ తలలతో వచ్చాయి. తర్వాత పెద్దమ్మ కూచుంది. తలలు పోయాయి. అతను వైరు మార్చాడు, కార్డు మార్చాడు, తనతో తెచ్చిన రెండో డబ్బా తగిలించాడు. బాతులకి ఏం తేడా పడలేదు.

"నీ డబ్బాకి నేనంటే గిట్టదు బాబూ," అంది పెద్దమ్మ, నొచ్చుకోకుండానే. "ముప్పై ఏళ్ళు ఈ మిషను నా మాట విన్నది. ఇప్పుడు వినకపోతే తప్పు దానిది కాదు, వయసుది. తీసుకెళ్ళిపో."

తీసుకెళ్ళలేదు. స్టూలు వేసుకుని కూచున్నాడు. ఇంకో ముక్క అల్లమని అడిగాడు, ఈసారి డబ్బాని కాకుండా ఆవిడనే చూశాడు.

ఆ కంప్యూటరుకి బుర్ర చిన్నది. డిజైనంతా ఒక్కసారి మింగలేదు. పది వరసలు అల్లాక ఆగి, డిస్కులోంచి ఇంకో పది వరసలు తెచ్చుకుంటుంది. అది తెచ్చుకునే కాసేపూ అల్లేవాళ్ళు చెయ్యి ఆపాలి. ఆపకపోతే ఆ వరసలు ఉత్త నీలంగా పోతాయి. అమ్మాయి అల్లేటప్పుడు మెడ తిప్పి టీవీలో 'ఆగండి' అన్న మాట చూసి ఆగింది. పెద్దమ్మ వెనక్కి తిరగనే లేదు. తల కొంచెం పక్కకి వాల్చి, చెయ్యి ఆడిస్తూనే ఉంది.

"ఎప్పుడు ఆగాలో మీకెలా తెలుస్తుందండీ?" అని అడిగాడు.

"ఎలా తెలియడమేంటి. తెలుస్తుంది," అంది.

అతను లేచి టీవీ దగ్గర నిలబడ్డాడు. మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. టీవీలో 'ఆగండి' అని రాగానే నోటితో పాత డ్రైవులా "గర్ర్‌ర్" మన్నాడు.

పెద్దమ్మ చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

టీవీలో ఆ మాట పోగానే నాలుకతో "టక్" మన్నాడు. చెయ్యి కదిలింది. గర్ర్, టక్, గర్ర్, టక్. అలా పావుగంట. బాతులకి మెడ వచ్చింది, తల వచ్చింది, ముక్కు కూడా వచ్చింది.

పెద్దమ్మ ఆ ముక్కని ఒళ్ళో వేసుకుని వేలితో తడిమి చూసుకుంది. ముప్పై ఏళ్ళు చెవితో అల్లానని ఆవిడకే తెలీదు. "నేను మిషను మర్చిపోయాననుకున్నాను," అంది మెల్లగా.

"మీరు మర్చిపోలేదండీ. నేనే నోరు లేని డబ్బా ఇచ్చాను," అన్నాడు.

అమ్మాయి గోడకి ఆనుకుని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "నలభై స్వెట్టర్లకీ నువ్వే గర్ర్ అంటావా?" అంది. మీరు పోయి నువ్వు వచ్చింది. ఇద్దరూ గమనించనట్టే ఉండిపోయారు.

శనివారం పొద్దున్నే అతను మెకానిక్ దగ్గర స్కూటరు ఇండికేటరుకి వాడే టక్‌టక్‌మనే బిళ్ళ ఒకటి, దాన్ని పలికించడానికో చిన్న బల్బూ కొన్నాడు. డబ్బా డిస్కు చదువుతున్నంతసేపూ అది టక్‌టక్‌మనేలా, చదవడం అయిపోగానే ఆగేలా కలిపాడు. పెద్దమ్మ రెండు బాతులు అల్లి చూసింది. "మలుపు తిరగబోయే స్కూటరులా ఉంది. పర్లేదు, అలవాటు చేసుకుంటాను," అంది.

సాయంత్రం టీచరమ్మ వచ్చి నమూనాని అటూ ఇటూ తిప్పి చూసింది. నలభై కాదు, అరవై కావాలంది.

ఆవిడ వెళ్ళాక అతనూ బయల్దేరాడు. వాన పడుతోంది. తగ్గేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. తగ్గింది. ఇంకా నిలబడే ఉన్నాడు.

"వాన తగ్గింది," అంది ఆమె.

"చూశాను. మిల్లు ఉత్తరం ఏం చేస్తావు?"

"దాచుకున్నాను. అరవై స్వెట్టర్లు ఒక చలికాలం. మిల్లు జీతం అన్ని కాలాలకీ వస్తుంది."

"వెళ్ళకు."

"వెళ్ళొద్దనడానికి నువ్వెవరు?"

"ఎవర్నీ కాను. అందుకే అడుగుతున్నాను." అతను గొంతు తగ్గించలేదు. "ఇలాంటి మిషన్లు ఎన్నో ఊళ్ళలో డ్రైవు పాడై మూల పడుంటాయి. డబ్బా నేను చేస్తాను, డిజైన్లు నువ్వు వెయ్యి. రెండూ కలిపి అమ్ముదాం."

"అంటే నాకు ఉద్యోగం ఇస్తున్నావా?"

"కాదు. పెళ్ళి చేసుకోమంటున్నాను. ఉద్యోగం దాని వెనకాలే వస్తుంది."

ఆమె చూరు నీళ్ళ కింద చెయ్యి పెట్టి, నిండాక వంపేసింది. మళ్ళీ పెట్టింది. నీళ్ళతో ఆమెకేం పనిలేదు.

"ఒక షరతు," అంది చివరికి. "నా డిజైన్లు సోపు డబ్బాలో పెట్టి అమ్మితే ఊరుకోను. మంచి పెట్టె చెయ్యాలి."

"చేస్తాను."

"ఇంత తొందరగా ఒప్పుకుంటావనుకోలేదు. ఇంకో రెండు అడగాల్సింది."

లోపల్నుంచి పెద్దమ్మ గొంతు వచ్చింది. "ఆ మిగతా రెండూ నేను అడుగుతానులే. రేపు మీ అమ్మని తీసుకురా బాబూ. పెళ్ళి మాటలకి కుర్రాడొక్కడే రాకూడదు."

ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకి ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాడు. అన్నం తింటూ సగం చెప్పాడు. మిగతా సగం ఆవిడే పూర్తి చేసింది.

మర్నాడు పొద్దున్నే తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. తలుపు తీసిన అమ్మాయి రెండు చేతులకీ పచ్చ ఊలు చిలప, వదులుగా చుట్టిన పోగుల దండ, తగిలించుకుని ఉంది. ఉండ చుట్టడానికి పట్టుకునే మనిషి కోసం చూస్తోంది కాబోలు, ఆ చిలపని తీసి అతని రెండు చేతులకీ తగిలించింది. పెద్దవాళ్ళిద్దరూ లోపల కూచుని మాటలు మొదలుపెట్టారు. అతను గుమ్మం పక్కన చేతులు చాపి నిలబడ్డాడు, ఆమె ఎదురుగా కూచుని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. ముక్కు మీద దురద పుట్టినా, లోపల్నుంచి తన మాట వినిపించినా కదల్లేదు. ఊలు చివరి పోగు జారేదాకా చేతులు దించలేదు.