నాలుగో స్తంభం దగ్గర కుర్చీ

"లేవండి!"

ఆమె లేవలేదు.

"మిమ్మల్నేనండీ! ఆ కుర్చీ మీంచి లేవండి. దాని కాలికి ఇప్పుడే జిగురు పెట్టాను."

"లేవలేనండీ."

"లేవలేకపోవడమేంటి? కూర్చోగలిగారుగా!"

"కూర్చోవడానికి భూమి సాయం చేస్తుంది. లేవడానికి ఎవరూ చేయరు," అందామె.

చేతిలో జిగురు బ్రష్షుతో అతను తెల్లమొహం వేశాడు. కుర్చీలు, బల్లలు బాగుచేసే షాపు అతనిది. పొద్దున్నే ఎవరో పరాయి మనిషి వచ్చి, ఆరబెట్టిన కుర్చీలో హాయిగా కూర్చుని, పైగా సైన్సు పాఠం చెప్పడం అతనికి ఇదే మొదటిసారి.

"రెండు నిమిషాలు టైమివ్వండి," అందామె, ఈసారి గొంతు తగ్గించి. "నాకు కీళ్లవాతం. పొద్దున్నపూట మోకాళ్లు నా మాట వినవు."

అతను గబుక్కున ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె కంగారుగా కాళ్లు వెనక్కి లాక్కుంది. తీరా చూస్తే అతని చూపంతా కుర్చీ కాలి మీద ఉంది. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"మెల్లగా లేవండి. తొందరేం లేదు. నేను పట్టుకున్నాను."

"నన్నా?"

"కుర్చీని."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే లేవడం ఇంకా కష్టమైంది.

ఆమె లెక్కల టీచర్. వయసు ఇరవై ఏడు. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లలకు పాఠాలు చెప్తుంది. జబ్బు వచ్చి మూడేళ్లయింది. "రోజూ నడువు. నొప్పి ఎక్కువున్న రోజున తగ్గించు, అంతేగాని మానెయ్యకు. మానేస్తే కీళ్లు ఇంకా బిగుసుకుంటాయి," అని డాక్టరమ్మ ప్రతిసారీ చెప్తుంది. చెప్పినప్పుడల్లా మొదలుపెట్టడం, పది రోజులకు మానేయడం అలవాటైపోయింది. మంచి బూట్లు కొంది. అవి మంచం కింద కొత్తగానే ఉన్నాయి. ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టుకుంది. "మీరు నిన్నటికంటే వెనకబడ్డారు" అని అది రోజూ దెప్పుతుంటే తీసిపారేసింది. తోడు వస్తానన్న వదిన ముందు నడిచి, సందు చివర నిలబడి చేతులు ఊపుతూ పిలిచేది. అదీ మూడు రోజుల ముచ్చటే.

గేటు నుంచి నాలుగో కరెంటు స్తంభం దాకా వెళ్లగలదు. అక్కడ ఆగి కూర్చోవడానికి ఏమీ లేక, తిరిగి రాలేనేమోనన్న భయంతో సగంలోనే వెనక్కి తిరిగేది. ఆ రోజు నాలుగో స్తంభం దగ్గర కుర్చీ కనబడింది. కూర్చుంది. అంతే జరిగింది.

మర్నాడు అటు వెళ్తే అతను చేతులు కట్టుకుని ఎదురొచ్చాడు.

"మీ పుణ్యమా అని ఆ కాలు వంకరగా అతుక్కుంది."

"విప్పి మళ్లీ అతికించండి."

"ఇప్పుడు విప్పితే చెక్క చీలుతుంది. దాని ఓనరు వచ్చి, ఊగుతోంది, నాకొద్దు పొమ్మన్నాడు. ఇక ఇది మీదే. వచ్చినప్పుడల్లా కూర్చోండి."

"శిక్షా?"

"గ్యారంటీ. మా షాపులో ఏ పనికైనా గ్యారంటీ ఉంటుంది."

బూట్ల వల్ల, యాప్ వల్ల కాని పని ఒక వంకర కుర్చీ వల్ల అయింది. నాలుగో స్తంభం దగ్గర కూర్చునే చోటు ఉందని తెలిశాక అక్కడిదాకా నడవడం పెద్ద పనిలా అనిపించలేదు. పదిహేను నిమిషాలు కూర్చునేది. అతను చెక్కకు గరుకు కాగితం రుద్దుతూ మాట్లాడేవాడు. ఆమె కూర్చున్నంతసేపూ కుర్చీ అటూ ఇటూ టకటకమనేది.

"లెక్కల టీచరుగారూ, ఈ బల్లకి నాలుగు కాళ్లూ సమానంగా ఉన్నాయి, అయినా ఊగుతోంది. ఎందుకంటారు?"

"నేల సమానంగా లేదేమో చూశారా, కుర్చీల డాక్టరుగారూ?"

చూస్తే నిజమే. ఆ పూట అతను ఆమెకు టీ తెప్పించాడు.

మూడో వారంలో ఒక రోజు షాపు ముందు కుర్చీ లేదు. అతనూ లేడు. ఆమె అటూ ఇటూ వెతికింది. కుర్చీ కోసమా, అతని కోసమా అని ఆలోచించేలోపే ఐదో స్తంభం దగ్గర్నుంచి కేక వినిపించింది.

"ఇటు! ఇటు రండి!"

కుర్చీ టైలరు పిన్నిగారి షాపు ముందుంది. అతను దాని వెనక హోటల్ సర్వర్లా నిటారుగా నిలబడ్డాడు.

"ఇదేం మోసం?" అందామె ఆయాసపడుతూ కూర్చుని.

"మా షాపు ముందు ఎండొస్తోందండీ."

"మబ్బు పట్టి ఉంటే ఎండెక్కడిది?"

"రాబోతోంది."

మిషను మీద నుంచి తలెత్తకుండానే పిన్నిగారు అందుకుంది. "నిన్న సాయంత్రం నుంచీ నా ప్రాణం తీశాడమ్మా, ఒక్క కుర్చీకి చోటివ్వమని. పెళ్లికి హాలు అడిగినవాడు కూడా ఇంత బతిమాలడు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అది చూడనట్టు ఆమె దారం ఉండల రంగులు చూసింది. ఎన్ని చూసిందో తర్వాత ఒక్కటీ గుర్తులేదు.

అలా కుర్చీ ఆరో స్తంభానికి, ఏడో స్తంభానికి, పోస్టాఫీసు గోడ నీడకి చేరింది. రెండు నెలలు గడిచాయి. అమ్మ మంచం కిందున్న బూట్లు దులిపి గుమ్మం దగ్గర పెట్టింది. ఏమీ అడగలేదు. గుమ్మం దగ్గర పెట్టడమే అడగడం.

రోడ్డు చివర వంతెన ఉంది. జబ్బు రాకముందు ఆమె సైకిల్ మీద ఆ వంతెన దాటి స్కూలుకి వెళ్లేది. మధ్యలో ఆగి నీళ్లు చూసేది. ఒకసారి మాటల్లో ఆ సంగతి అతనితో అంది.

తర్వాతి సోమవారం కుర్చీ వంతెన మీద ఉంది.

ఆ ముందు రాత్రి ఆమెకు నిద్ర లేదు. వేళ్లు వాచాయి. పోస్టాఫీసు దగ్గర కుర్చీ కనబడనప్పుడే వెనక్కి తిరగాల్సింది. కాని దూరంగా వంతెన మీద చెయ్యి ఊపుతూ అతను కనిపించాడు. ఆ మొహంలో వెలుగు ఇంత దూరానికి కూడా తెలుస్తోంది. ఎలా చెప్తుంది, ఇవాళ కాదని? పళ్లు బిగబట్టి నడిచింది.

"చూశారా! వచ్చేశారు! వచ్చే వారం అవతలి ఒడ్డు!" అన్నాడతను.

ఆమె నీళ్లు చూడలేదు. తిరిగి టాక్సీలో వచ్చింది. సాయంత్రానికి మంచం దిగలేకపోయింది. గ్లాసు పట్టుకోవడానికి కూడా అమ్మ సాయం కావాల్సి వచ్చింది.

రెండో రోజు ఎడమ చేతి బొటనవేలితో ఒక్కో అక్షరం నొక్కి అతనికి మెసేజ్ పెట్టింది. "మీ కుర్చీ ముందుకే పోతుంది. నా జబ్బు అలా కాదు. ఇక కుర్చీ పెట్టొద్దు."

చాలాసేపటికి జవాబొచ్చింది. "తప్పు నాది. అడగాల్సింది." అంతే. ఇంకేమీ రాలేదు.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఇంతకుముందు ఒక సంబంధం వచ్చింది. వాళ్లు అన్నీ విని, "ఇది పూర్తిగా తగ్గుతుందా?" అని అడిగారు. తగ్గదని చెప్పాక ఫోన్ చేయలేదు. అప్పుడు ఇంత బాధ కలగలేదు. వాళ్లెవరూ ఆమె కోసం ఒక కుర్చీ మోయలేదు మరి.

పన్నెండో రోజున వాపు కాస్త తీసింది. వెనక గదిలోంచి గోడ పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. కిటికీ తెర పక్కకి జరిపింది.

గేటు బయట, సరిగ్గా నాలుగడుగుల దూరంలో, వంకర కుర్చీ.

"అమ్మా! అదెప్పటి నుంచి ఉంది?"

అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "నీకు బాగోలేని మూడో రోజు నుంచి. పొద్దున్నే తెచ్చి పెడతాడు, చీకటి పడకముందే తీసుకెళ్తాడు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు. పెట్టొద్దన్నారు కదా, తెలిస్తే బలవంతం చేసినట్టుంటుందండీ, ఆవిడకి ఎప్పుడు లేవగలిగితే అప్పుడు కనిపిస్తుంది, అన్నాడు." అమ్మ కిటికీ తెర ఇంకాస్త పక్కకి జరిపింది. "నీ జబ్బు గురించి నన్ను గంటసేపు అడిగాడు. పొద్దున్నే ఎందుకు కష్టం, ఎలాంటి రోజు నడవచ్చు, ఎలాంటి రోజు కూడదు. తగ్గుతుందా అని మాత్రం అడగలేదు."

ఆమె బూట్లు వేసుకుంది. తాళ్లు అమ్మ కట్టింది. గేటు దాకా పదిహేను అడుగులు, అవతల నాలుగు. మొత్తం పంతొమ్మిది. లెక్కల టీచరు జీవితంలో ఇంత పెద్ద సంఖ్య ఎన్నడూ లెక్కపెట్టలేదు. కూర్చుంది. కుర్చీ టక్కుమంది.

అంతలో చినుకులు మొదలయ్యాయి. కుర్చీ తడిస్తే జిగురు పాడవుతుందని కాబోలు, నాలుగో స్తంభం దగ్గర్నుంచి అతను తల మీద అట్టముక్క పెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. కుర్చీలో ఆమెను చూసి మూడడుగుల దూరంలో ఆగిపోయాడు. అట్టముక్క సంగతి మరిచిపోయాడు.

"లేవండి, తడుస్తారు," అన్నాడు చివరికి.

"లేవలేను."

అతను ఇంకేమీ ఆలోచించకుండా మోకాళ్ల మీద కూర్చుని కుర్చీ కాలు పట్టుకున్నాడు.

"జిగురు ఎప్పుడో ఆరిపోయిందండీ," అందామె. "ముందు నా మాట వినండి. ఇది తగ్గేది కాదు. బాగున్నప్పుడు వంతెన దాకా వస్తాను. బాగోలేనప్పుడు ఈ గేటు దగ్గరికే వస్తాను. ఒక్కోరోజు అదీ ఉండదు. వచ్చే ఏడూ ఇంతే, ఆ పై ఏడూ ఇంతే. ముందుకే పోయే మనిషికి ఇది కుదరదు."

"కుర్చీ వెనక్కి కూడా వచ్చింది కదండీ."

"కుర్చీ వచ్చింది. మరి మీరు?"

"అది దానంతటది నడిచొచ్చిందా? మోసుకొచ్చింది నేనే." అతను తలెత్తాడు. కనురెప్పల మీద చినుకులు. "ఇకమీదట పొద్దున్నే ఫోన్ చేసి అడుగుతాను, ఇవాళ ఎన్నో స్తంభం అని. మీరు ఏది చెప్తే అక్కడ. సున్నా అంటే గుమ్మంలో పెడతాను. ఎన్నేళ్లయినా సరే. నాకిష్టమండీ. మోయడం కాదు... మీరు."

వాన కాస్త జోరందుకుంది. ఆమె చెయ్యి చాపింది. వేళ్లు ఇంకా కొంచెం వాచే ఉన్నాయి. అతను కుర్చీ కాలు వదిలి, బిగించకుండా, అరచేయి కింద అరచేయి పెట్టాడు.

"పట్టుకున్నాను," అన్నాడు.

"కుర్చీనా?"

"కాదు."

కిటికీలోంచి అమ్మ గొంతు వినిపించింది. "బాబూ! అమ్మాయినీ, ఆ కుర్చీనీ తీసుకుని లోపలికి రా. టీ పెట్టాను. రేపట్నుంచి రాత్రిపూట కుర్చీ మా ఇంట్లోనే ఉంటుంది, ఊరికే అటూ ఇటూ మోయకు."

ఆమె లేచింది. రెండు నిమిషాలు పట్టింది. అతను తొందరపెట్టలేదు.

"రేపు ఎన్నో స్తంభం?" అడిగాడు.

"ఒకటి," అందామె. "దాని దగ్గర రెండు కుర్చీలు వేయండి."