ముప్పై ఎనిమిది డిగ్రీల అబద్ధం

మహబూబాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద, సగం తాగిన టీ కప్పు చేతిలో ఉండగానే ఏజెంట్ నరేందర్ కుప్పకూలాడు. డాక్టర్ వచ్చేసరికి ప్రాణం లేదు.

విషం!

చివరి క్షణాల్లో అతను పంపిన మెసేజ్ ఒక్కటే: "భూపాలపల్లి గని. కూల్‌మీటర్ అబద్ధం."

జనగామలో ఓ మొబైల్ షాపు వెనక గదిలో చీఫ్ కరుణాకర్ ఆ మెసేజ్‌ను ఏజెంట్ మంజులకు చూపించాడు.

"కూల్‌మీటర్ అంటే, సార్?"

"కంప్యూటర్ స్క్రీన్ మూలన కనిపించే చిన్న సాఫ్ట్‌వేర్. ప్రాసెసర్ మీద లోడెంత, వేడెంత చూపిస్తుంది. ఫ్రీగా దొరుకుతుంది. దాని వెనక ఉన్నది విదేశీ ముఠా."

"గనిలో దానికేం పని?"

"అదో ప్రైవేటు బొగ్గు గని. లోపలికి గాలి పంపే ఫ్యాన్లను ఒకే కంప్యూటర్ నడుపుతుంది. కూల్‌మీటర్ పైకి తక్కువ వేడి చూపిస్తూ లోలోపల దాన్ని మాడిస్తే ఫ్యాన్లు ఆగుతాయి. అలారం కూడా దాని చేతిలోనే, అదీ మోగదు. గ్యాస్ నిండాక ఒక్క నిప్పురవ్వ చాలు. ఇది వాళ్లకు ట్రయల్ మాత్రమే. ముఠాలో మన మనిషి వర్ష ఉంది, సాయం చేస్తుంది. కోడ్‌వర్డ్: 'జర చల్లగున్నదా?'"

మంజులకు ఈ పని నేర్పింది నరేందరే. చీఫ్ ఇచ్చిన పెన్ను అందుకుని బ్యాగులో పెట్టుకుంది. అది చూడ్డానికే పెన్ను, నిజానికి థర్మామీటర్.

యాంటీవైరస్ కంపెనీ ఐడీ కార్డు మెడలో వేసుకుని గని కంట్రోల్ రూంలో అడుగుపెట్టింది. బయట ఫ్యాన్ల హోరు.

"రండ్రి మేడం," అన్నాడు ఆపరేటర్ దానియేలు. "జర జల్ది చూడుండ్రి. షిఫ్టోళ్లు దిగిండ్రు. మా తమ్ముడు శామ్యూల్ గుడ లోపల్నే ఉన్నడు."

స్క్రీన్ మూలన కూల్‌మీటర్ పచ్చగా వెలుగుతోంది. లోడ్ నాలుగు శాతం. వేడి ముప్పై ఎనిమిది.

మంజుల సీపీయూ మూత తీసి పెన్ను లోపల ఆనించింది. తొంభై ఏడు! నూరు దాటితే కంప్యూటర్ చచ్చిపోతుంది.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, వెనకే నల్ల కళ్లద్దాలు, ఎర్ర పట్టుచీర.

"జర చల్లగున్నదా?"

మంజులకు ప్రాణం లేచొచ్చింది. "వర్షా! తొంభై ఏడుంది!"

"ఎరుకే." వర్ష ఆమె చెవి దగ్గరికి వంగింది. "నరేందర్ సారు గుడ గిట్లనే పరేషానైండు. చాయ్ నేనే ఇప్పిచ్చిన."

మంజుల పక్కటెముకలకు చల్లగా పిస్టల్ తగిలింది.

"ఈమె దొంగ, అన్న," అంది వర్ష బిగ్గరగా. "నేను పోలీసు. స్క్రీన్ చూడు, అంత మంచిగనే ఉన్నది."

దానియేలు స్క్రీన్ చూశాడు. ముప్పై ఎనిమిది.

"అన్నా," అంది మంజుల. "దాని లోపల చెయ్యి పెట్టి చూడు."

దానియేలు తటపటాయించాడు. తర్వాత వేలు ఆనించాడు.

"అబ్బా! కాలింది!"

అదే క్షణంలో స్క్రీన్ నల్లబడింది. బయట ఫ్యాన్ల హోరు ఆగింది.

గని లోపలికి కలిపిన బల్ల మీది ఫోన్లోంచి శామ్యూల్ గొంతు: "అన్నా, గాలొస్తలేదేంది?"

దానియేలు కంప్యూటర్ లేకుండా ఫ్యాన్లు నడిపే, గోడకున్న మాన్యువల్ హ్యాండిల్ వైపు దూకాడు. పిస్టల్ అతని వీపు వైపు తిరిగింది. మంజుల కళ్లు గట్టిగా మూసుకుని, సీపీయూను రెండు చేతులా ఎత్తి వర్ష మీదకు విసిరేసింది. పేలిన తూటా సీలింగును చీల్చింది. పిస్టల్ ఎగిరి బల్ల కింద పడింది.

హ్యాండిల్ కిందికి దిగింది. ఏమీ కాలేదు.

ఎక్కడో దూరంగా గుర్రుమన్న శబ్దం. ఫ్యాన్లు మళ్లీ అందుకున్నాయి.

"వస్తున్నది అన్నా, గాలొస్తున్నది!" అన్నాడు శామ్యూల్.

గని గార్డులు వర్షను పట్టుకున్నాక మంజుల కుర్చీలో కూలబడింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"గంతగనం వణుకుతున్నవేంది, అక్కా?"

"ఏం లేదు. ఏసీ బాగా ఎక్కువైంది."

దానియేలు ఆమె మొహంలోకి చూశాడు. "ఏసీ ఖరాబై వారమాయె."