రేవు అడుగున పండగ చెప్పులు

రాత్రిపూట రిసాగా వచ్చిందంటే మా సియుతదెల్యా రేవు చివరి మెట్ల వైపు ఎవడూ కన్నెత్తి చూడడు. పడవ పోతే పోనీ, ప్రాణముంటే బలుసాకు తిని బతకొచ్చంటారు. మా వాళ్లు అంత తేలిగ్గా పడవలొదిలే రకం కాదు. అయినా ఆ మెట్లంటే మాత్రం భయమే.

రిసాగా అంటే గాలీ కాదు, వానా కాదు. ఎండాకాలం మొదట్లో ఒకరోజు ఆకాశం పసుపచ్చగా అయిపోయి, ఒకటే ఉక్క పోస్తుంది. ఉన్నట్టుండి సముద్రం వెనక్కి పోతుంది. రెండు రాతిగోడల మధ్య సందులా ఉండే మా రేవు చూస్తూ చూస్తూ ఎండిపోతుంది... పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగిపోతాయి. కాసేపే. ఆ పోయిన నీళ్లు తిరిగొస్తాయి — గోడలా.

ఆ కాసేపట్లో, ఖాళీ రేవు అడుగున ఓ దీపం నడుస్తుంది...

అది బియెల్ అని ఊరంతా అనేది. చెప్పులు కుట్టే జెరోని ఒక్కగానొక్క కొడుకు. పాలపళ్లు ఊడే వయసు. సాన్ జోన్ పండగ ముందు రిసాగా వచ్చి నీళ్లు పోతే, బురదలో కొట్టుకుంటున్న చేపల కోసం దిగాడు. నీళ్లు తిరిగొచ్చాయి. శవం కూడా దొరకలేదు. పండక్కని వాళ్ల నాన్న కుట్టిన కొత్త చెప్పులు మాత్రం చివరి మెట్టు మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

అంతటితో ఆగితే చెట్టంత మగాళ్లు ఎందుకు వణుకుతారు? ఆ తర్వాత వలల్లో చెప్పులు పడడం మొదలైంది. కొత్త చెప్పులు. పిల్లాడివి. కొన్నాళ్లకి ఇంకో జత — మొదటి వాటికంటే కాస్త పెద్దవి. ఆ తర్వాత పడ్డవి ఇంకా పెద్దవి...

అన్నీ జెరోని కుట్టులాగే ఉండేవి. ఉండవూ మరి! ఊళ్లో ఎవరి కాళ్లకి చూసినా ఆయన చెప్పులేనాయె. మా అమ్మమ్మ ఒక జత కళ్లారా చూసిందిట. సిలువ గీసుకుని మెల్లిగా అందిట...

"వాడు పెరుగుతున్నాడే."

ఇక మా నోఫ్రే మామ సంగతి. ఆయన శూరుడేం కాదు, బల్లి మీద పడితే బల్లెక్కే మనిషి. కాకపోతే ఒక ఏడు కొత్త పడవ కట్టించుకున్నాడు. అది చివరి మెట్ల దగ్గరే కట్టేసి ఉంది. ఓ రాత్రి నీళ్లు పోయాయని కేక వినపడగానే, పెళ్లాం చొక్కా పట్టుకుని లాగుతున్నా వినకుండా పరిగెత్తాడు.

బురదలోకి దిగాడు. తాడు అందుకున్నాడు. అప్పుడు...

పడవ వెనక వెలుతురు. దీపం కదులుతోంది — ఆగింది — కిందికి వంగింది.

మామ తాడు వదిలేసి పడవ చాటున నక్కాడు.

"బియెల్..." అని గొణుగుడు వినిపించింది. "బియెల్... నాయనా..."

అంత భయంలోనూ మామ బుర్రలో ఒక మాట మెదిలింది. దెయ్యం తన పేరు తనే ఎందుకు పిలుచుకుంటుంది?

పడవ చుట్టూ తిరిగి చూశాడు. జెరోని! మోకాళ్ల దాకా బురద, పక్కన లాంతరు, చేతిలో తోలుతాడుతో కట్టిన కొత్త చెప్పుల జత. మగాడి కొలతవి.

"తాతా! మీరా!"

"అరవకురా. వాడు బెదురుతాడు."

"నీళ్లొచ్చేస్తాయి, పదండి!"

"ఈ బండ కింద పెట్టి వస్తా. పైనుంచి విసిరితే తేలి పోతాయి. అడుగు కనిపించేది ఇప్పుడే గదా."

"పోయినవాడికి చెప్పులేంటి తాతా..."

ముసలాయన బండ కింద చెప్పులు దూరుస్తూ అన్నాడు, "కొత్తవి తడిపావో, తోలు వలుస్తానన్నాను. అందుకే విప్పి పైన పెట్టి దిగాడు వెర్రినాయన. కింద అన్నీ రాళ్లేరా. వట్టికాళ్లతో తిరుగుతున్నాడు..."

అప్పుడే హోరు వినపడింది.

మామ ఆయన్ని బస్తాలా భుజాన వేసుకుని మెట్లెక్కాడు. మెట్ల మీద ఒకసారి జారి పడ్డారు. ముసలాయన తుంటి విరిగింది. కొత్త పడవ కళ్లముందే రాతిగోడకి కొట్టుకుని పుల్లలైపోయింది. మామ దానికేసి చూడను కూడా చూడలేదట.

జెరోని మళ్లీ మంచం దిగలేదు. పైయేడు పండగ ముందు మామకి కబురు పెట్టాడు. దిండు కింద నుంచి ఓ జత తీశాడు.

"పడుకునే కుట్టానురా నోఫ్రే. నువ్వు తప్ప ఎవరున్నారు నాకు?"

రిసాగా రాత్రి మామ వెళ్లాడు. కొత్త జత బండ కింద పెట్టాడు. పోయినేటి జత అక్కడే ఉంది. అది తీసుకుని మెట్లెక్కేశాడు.

"ఎందుకు తెచ్చావు మామా?" అని అడిగాను నేను, ఈ కథ చెప్పినప్పుడు.

"అడుగు కాస్త అరగదీసి చూపిద్దామని. తొడుక్కుంటున్నాడు తాతా అంటే, ఆ ప్రాణం కుదుటపడుతుందని."

"అయితే నువ్వే రుద్దావన్నమాట!"

మామ గొంతు తగ్గించాడు. "రుద్దుదామనే మెట్టు మీద కూర్చున్నానే... టైరు ముక్క అడుగులవి, నీళ్లకి అరగవు. లాంతరు దగ్గర పెట్టి తిప్పి చూద్దును గదా... అప్పటికే అరిగున్నాయి."



తెల్లారి ఆ జత ముసలాయన చేతిలో పెట్టాడు మామ. ఏమీ చెప్పలేదు. జెరోనికి అప్పటికి చూపు ఆనడం లేదు. కుడి చెప్పు అడుగున బొటనవేలు పోనిచ్చాడు. తర్వాత ఎడమది... మడమ దగ్గర, బయటి అంచున, వేలు ఆగింది.

"ఇంకా అలాగే ఈడుస్తున్నాడు వెధవ," అన్నాడు, కళ్ల నీళ్లు చెవుల్లోకి కారుతుంటే. "ఎన్నిసార్లు చెప్పాను నాయనా... ఎడమ కాలు కాస్త ఎత్తి వెయ్యమని."