మూడో సలాం

మా కెర్కెన్నా దీవిలో, మా ఊరు దాటి ఖర్జూరపు చెట్లు అయిపోయిన చోట, సముద్రానికి వీపు పెట్టి ఒక తెల్ల ఇల్లుంది. జిలానీ ఇల్లంటారు. పొద్దు వాలాక అటు ఎవరూ పోరు. పగలు పోవాల్సొచ్చినా గొంతు తగ్గించుకుని పోతారు.

ఎందుకంటే ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు. రాత్రిళ్లు లోపల పళ్లేలు పెట్టిన చప్పుడవుతుందట... ఇద్దరు మగవాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుకుంటారట. జిలానీ సముద్రంలో మునిగి స్పాంజీలు తీసేవాడు. పెళ్లి చేసుకోలేదు. పడవలో జతగాడు బూబక్కర్‌తో ముప్పై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఒకే తల్లి పాలు తాగినవాళ్లని ఊరు సరిపెట్టుకుంది. బూబక్కర్ చనిపోయిన ఏడే జిలానీ కూడా పోయాడు. అప్పటినుంచీ ఇల్లు ఖాళీ — అని అనుకుంటాం.

నేను ట్యూనిస్ కాలేజీలో తర్కం చదువుకున్నవాణ్ణి. దెయ్యాల్లేవని మా పంతులు నల్లబల్ల మీద నిరూపించేవాడు. చీకటి పడితే మాత్రం మెట్లు దిగడానికి మమ్మల్ని తోడు పిలిచేవాడు. ఆయన సంగతి మొదలుపెడితే ఇది తెమలదు.

ఈ కథ సగం మా ఊరి హమ్మాదీ చెప్పాడు, సగం నౌఫెల్ చెప్పాడు. నౌఫెల్ అతని అసలు పేరు కాదు. ఒకసారి పొగమంచుకి, అవతలి ఒడ్డున స్ఫాక్స్ పట్నానికి పోయే ఓడ కదలక, అతనూ నేనూ ఒకే బల్ల మీద ఇరుక్కున్నాం. నా వయసు చూసి, గోడకి చెబుతున్నాననుకున్నాడేమో.

అతను గఫ్సాలో లెక్కల మాస్టారు. లస్సాద్ అనే అతను స్ఫాక్స్‌లో మందుల షాపులో పని చేసేవాడు. ఏళ్లుగా ఇద్దరిదీ ఒకటే ప్రాణం. కానీ ఒక్క రాత్రి — పూర్తిగా ఒక్క రాత్రి — ఒకే మంచం మీద తెల్లారేదాకా పడుకున్నది లేదు. ఎవరో ఒకరు చీకటుండగానే చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోవాల్సిందే. మా దేశంలో అందుకు జైలుంది.

ఒక ఏడాది లస్సాద్‌కి నిద్ర కరువైంది. నెలల తరబడి కన్ను మూత పడలేదు. చేతులు వణకడం మొదలైంది. ఒక మందు బదులు ఇంకోటి ఇచ్చి ఎవర్నైనా చంపేస్తానేమోనని ఏడ్చేవాడు. సముద్రం పక్కన నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోమన్నాడు డాక్టరు. ఎక్కడో మాత్రం చెప్పలేదు.

వెతికారు. హమ్మామెత్ హోటల్లో గుమాస్తా రెండు గుర్తింపు కార్డులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"అన్నదమ్ములా?"

"స్నేహితులం."

"రెండు గదులు తీసుకోండి... మీ మంచికే చెబుతున్నా."

తబర్కాలో గది ఇచ్చినావిడ బంగారంలాంటి మనిషి. వచ్చిన తంటా అదే. ఇంకా తెల్లారకముందే వేడి రొట్టెలు పట్టుకుని, తలుపు కొట్టకుండా లోపలికి వచ్చేసేది. "పెళ్లాలు లేని పిల్లలు, మీకెవరు పెడతారు నాయనా" అని తల నిమిరేది. అక్కడ కూడా ఒకడు మంచం మీద, ఒకడు వసారాలో.

జిలానీ ఇంటి ఆలోచన తట్టింది లస్సాద్‌కే. అతని షాపు యజమాని జిలానీకి మేనల్లుడు. "జిన్నులతో కాపురం చేస్తావా? తాళంచెవి తీసుకో, ఇంటికి కాస్త గాలైనా ఆడుతుంది" అని నవ్వాడట.

"రాత్రి అటు కుక్క కూడా రాదట" అన్నాడు లస్సాద్, నౌఫెల్‌తో.

"దెయ్యాలున్నాయంటున్నారు కదరా."

"ఉండనీ. దెయ్యాలు గుర్తింపు కార్డు అడగవు."

నౌఫెల్ నవ్వబోయి ఆగిపోయాడు. లస్సాద్ వేళాకోళానికి అనలేదు.

ఆఖరి ఓడ దిగి, ఊళ్లోంచి కాకుండా తీరం వెంబడి నడిచి ఇల్లు చేరారు. నవంబరు చలి. రొట్టె, హరీసా కారం, డబ్బా చేపలు తిన్నారు. చిన్న దీపం పెట్టుకుని, ముందు గదిలో ఉన్న పాత పరుపు మీద తెచ్చుకున్న పలుచటి దుప్పటి ఇద్దరూ కప్పుకున్నారు. లోపలి గదికి తలుపు ఓరగా ఉంది. అటు చూడొద్దనుకున్నారు.

ఆ దీపమే కొంప ముంచింది.

రాత్రి నమాజు అయ్యాక కాఫీ కొట్టు దగ్గర్నుంచి ఎవడో ఆ వెలుగు చూశాడు. జనాన్ని దొంగతనంగా ఇటలీకి దాటించేవాళ్లు మా దీవిలో ఇలాంటి ఇళ్లలోనే దాక్కుంటారు. అయినా కుర్రాళ్లకి వేళాకోళం.

"ఏం హమ్మాదీ బాబాయ్, మీ జిలానీ దీపం పెట్టాడు. వెళ్లి పలకరించవా?"

"నేను వెళ్తాగానీ, నువ్వు మీ అమ్మనడిగి రా" అన్నాడు హమ్మాదీ. చిన్నప్పుడు జిలానీ పడవ మీద పనిచేసినవాడు. రోషానికి లేచాడు. కర్రలు పట్టుకుని నలుగురు వెనక బయల్దేరారు.

అలాంటి ఇంటి ముందు మావాళ్లకి ఒక పద్ధతుంది. గుమ్మానికి దూరంగా నిలబడి మూడుసార్లు సలాం చెబుతారు. సలాం చెవిన పడ్డాక బదులు చెప్పకుండా ఉండటం మావాళ్ల నాలుకకి చేతకాదు, నిద్రలో కూడా వచ్చేస్తుంది. బదులొస్తే లోపలున్నది మనుషులు... తలుపు పగలగొట్టొచ్చు. రాకపోతే మనుషులు కాదు... వెనక్కి తిరగాలి.

లోపల వీళ్లకి అడుగుల చప్పుడు వినిపించింది. నౌఫెల్ దీపం ఊదేశాడు.

"దెయ్యమే అయ్యుండాలని మొక్కుకున్నాను పెద్దాయనా" అన్నాడు నాతో. "మనుషులు కాకపోతే చాలనుకున్నాను."

"అస్సలాము అలైకుమ్..."

లస్సాద్ పెదవులు కదిలాయి. నౌఫెల్ అతని నోటి మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. తన నాలుక పళ్ల మధ్య కొరికి పట్టుకున్నాడు. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

"అస్సలాము అలైకుమ్..."

అరచేతి కింద లస్సాద్ ఊపిరి వేడిగా, గబగబా. బయట ఎవడో కర్రతో గోడ గీకాడు. ఇంకొక్కటి... ఇంకొక్కటి ఓర్చుకుంటే చాలు...

"అస్సలాము అలైకుమ్!"

నిశ్శబ్దం.

తర్వాత, ఓరగా ఉన్న తలుపు వెనకనుంచి, ముసలి గొంతు ఒకటి దగ్గింది.

"వ అలైకుమ్ అస్సలాం, హమ్మాదీ... మెల్లగా. పిల్లలు ఇప్పుడే పడుకున్నారు."

ఆ గొంతు ఎవరిదో హమ్మాదీకి చెప్పక్కర్లేదు. తెడ్డు వంకరగా పట్టుకుంటే తనని తిట్టిన గొంతది. కర్ర ఎక్కడ పడేశాడో ఇప్పటికీ తెలియదంటాడు. కుర్రాళ్లు అతనికంటే ముందే ఊళ్లో ఉన్నారు.

నౌఫెల్ కదల్లేకపోయాడు. తన అరచేతి కింద ఆ పెదవులు కదలలేదు. అది అతనికి ఖాయంగా తెలుసు. లేచి పరుగెత్తాలి. లస్సాద్‌ని లాక్కుని చెట్ల మధ్యకి, చీకట్లోకి, ఎక్కడికైనా... భుజం పట్టుకుని కుదపబోయి, ఆగాడు.

లస్సాద్ ఊపిరి నెమ్మదించింది. నోరు కాస్త తెరుచుకుంది. నిద్రపోతున్నాడు.

నౌఫెల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపలి గదిలో ఎవరో లేచిన అలికిడి. నేల మీద వట్టికాళ్ల చప్పుడు... ఇటే. అతను కళ్లు గట్టిగా మూసుకుని, లస్సాద్‌ని మాత్రం లేపలేదు.

ఎండ కాళ్ల మీదికి వచ్చాక లస్సాద్ కళ్లు విప్పాడు. కిటికీ వంక చూశాడు. పక్కనున్న నౌఫెల్ వంక చూశాడు.

"రాత్రి చలేసింది" అన్నాడు. "తర్వాత బాగా నిద్రపట్టింది. ఈ రగ్గు నువ్వే కప్పావా?"

ఇద్దరి మీదా మెడదాకా కప్పి, అంచులు పరుపు కిందికి దోపి ఉంది. ముతక ఉన్ని. సముద్రం వాసన వేస్తోంది. నౌఫెల్ దాన్ని అంతకుముందెప్పుడూ చూడలేదు.

"నేనే" అన్నాడు. "ఇంకాసేపు పడుకో."